ఆరు గంటల ప్రాక్టీసు

కుప్పంలో మనల్ని ఓడించింది కుప్పం వాళ్ళు కాదు. మీరు. మార్కెట్ బ్రదర్స్ ఫుట్‌బాల్ క్లబ్ కమిటీ అని బోర్డు పెట్టుకుని కూర్చున్న మీరు ఏడుగురు. నాలుగు గోల్స్ కొట్టింది వాళ్ళ కాళ్ళే, కాదనను. గోల్ ముందు నిలబడాల్సిన మనిషిని నిలబడనివ్వకుండా చేసింది మాత్రం మీ నోళ్ళు. సెక్రటరీ సుబ్రహ్మణ్యం గారూ, అందరికంటే ముందు మీ నోరు.

ఆట అయిపోగానే ఈ మాట మీ ఎదురుగానే అన్నాను. "టమాటాలు ఏరుకునేదానికి ఆట గురించి ఏం తెలుసు రత్నమ్మా" అన్నారు. సరే. నోటితో అన్నది గాలికి పోతుంది. అందుకే కాగితం మీద రాసి మార్కెట్ గోడకు అంటిస్తున్నాను. క్లబ్ సంగతి తెలియనివాళ్ళు కూడా నిలబడి చదువుతారు కాబట్టి మొదటినుంచీ చెబుతాను.

మదనపల్లె టమాటా మార్కెట్‌లో హమాలీలు పెట్టుకున్న క్లబ్ ఇది. పదకొండు మందిలో ఐదుగురు ఇప్పటికీ బాక్సులు మోసేవాళ్ళే. పద్దెనిమిదేళ్ళుగా నేను ఒక్క ఆట విడిచిపెట్టలేదు. వానలో చూశాను, జ్వరంతో చూశాను, చెల్లెలి పెళ్ళిలో భోజనాల బంతిలోంచి లేచి వచ్చి చెయ్యి కడుక్కోకుండా చూశాను. ఏటా మదనపల్లె, పుంగనూరు, కుప్పం క్లబ్బులు మూడూళ్ళ కప్పు ఆడతాయి. ఒక్కో ఊరు మిగతా రెండింటితో సొంత ఊళ్ళో ఒక ఆట, అవతలి ఊళ్ళో ఒక ఆట ఆడాలి. ఆఖరున నిలిచిన ఊరు కప్పులోంచి తప్పుకోవాలి. దాని స్థానంలోకి మరుసటేడు వి.కోట వస్తుంది. వాళ్ళు రెండేళ్ళుగా వాకిట్లో చెప్పులు విప్పి నిలబడి ఉన్నారు, ఎప్పుడు ఎవరు లేస్తారా అని.

మన గోల్‌కీపర్ హఫీజ్. ఆరేళ్ళుగా వాడే. వాడికి కోచ్ అంటూ ఎవరూ లేరు. లారీయే కోచ్. ఖాళీ బాక్సులు దించేటప్పుడు లారీ మీద ఉన్నవాడు కిందికి చూడకుండా విసురుతూ పోతాడు. కింద ఉన్నవాడు పట్టాలి. పట్టకపోతే మూతి పగులుతుంది. అట్లా పట్టీ పట్టీ వచ్చిన చేతులు అవి. మా వెంకటమునన్న, లారీ నడిపీ నడిపీ నడుం పోయి పని మానుకున్న మనిషి, నాలాగే క్లబ్ పిచ్చోడు, మధ్యాహ్నం వేలం అయ్యాక ఒక పండిన టమాటా తీసి ఇరవై అడుగుల దూరం నుంచి కొడతాడు. హఫీజ్ దాన్ని చిదమకుండా పట్టాలి. చితికితే హఫీజ్ టీ తాగించాలి. వెంకటమునన్న ఆ పందెంలో టీ తాగింది ఆరేళ్ళలో వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

ఇప్పుడు ఫిబ్రవరికి వద్దాం. జనరల్ బాడీ పెట్టారు మీరు. మైకు కూడా పెట్టారు, ఉన్నది అరవైమందిమే అయినా. సాయంత్రం గ్రౌండును క్రికెట్ కోచింగ్‌కు ఇచ్చేశామని చల్లగా చెప్పారు.

"పెద్ద పెద్ద క్లబ్బులన్నీ పొద్దున్నే ప్రాక్టీసు చేస్తాయప్పా. మనం కూడా ఇంక పొద్దున ఆరుకే. డిసిప్లిన్ ఉండల్ల. నెలకు ఇరవై దినాలు రానోడు ఎంత మొనగాడైనా సరే, గ్రౌండులోకి దిగేది లేదు. ఒప్పుకునేవాళ్ళు చెయ్యెత్తండి."

చేతులు లేచాయి. ఎందుకు లేచాయంటే అది ఫిబ్రవరి కాబట్టి. ఫిబ్రవరిలో మన మార్కెట్ కునుకు తీస్తుంటుంది. కాయ ఉండదు, లారీ పదికి వస్తే వచ్చినట్టు. ఆరు గంటలంటే ఎవరికి మాత్రం ఏం కష్టం? జూన్ ఒక్కరికీ గుర్తు రాలేదు. టమాటా తిని, టమాటా మోసి, టమాటాతో పిల్లల్ని చదివించుకునే ఊరు, టమాటా సీజన్‌ను మర్చిపోయి చెయ్యెత్తింది.

మే వచ్చింది. కలికిరి, వాయల్పాడు పక్క పల్లెల నుంచి టెంపోలు తెల్లారకముందే గేటు ముందు వరుస కట్టాయి. ఆరు గంటలకు దింపుడు మొదలైతే వేలం అయ్యేదాకా హమాలీకి ఒంటికి పోవడానికి కూడా తీరిక ఉండదు. హఫీజ్ మధ్యలో ఒకడిని బతిమాలి నిలబెట్టి, ఎనిమిదింపావుకు గ్రౌండుకు పరుగెత్తేవాడు. చొక్కా నిండా టమాటా రసం, గింజలు. అప్పటికి మీరు నెట్టు చుట్టేసి గేటుకు తాళం వేస్తుండేవారు. మూడుసార్లు తాళం చూసి వెనక్కి వచ్చాడు. నాలుగోసారి పోలేదు. మిగతా నలుగురిదీ అదే కత. కప్పు మొదలయ్యేనాటికి ఐదుగురినీ పక్కన కూర్చోబెట్టి, బెంగళూరు నుంచి ముగ్గురిని తెచ్చారు. అందులో ఒకడు గోల్‌కీపర్.

నేను మీ మోటార్ల షాపుకు వచ్చాను. గుర్తుందా?

"సార్, సీజను అయ్యేదాకా సాయంత్రం పెట్టండి" అన్నాను.

"సాయంత్రం గ్రౌండు ఇచ్చేసినాం కదమ్మా, పిల్లోళ్ళు క్రికెట్ ఆడతాండారు."

"వాళ్ళని పొద్దున రమ్మనండి. వాళ్ళేమన్నా బాక్సులు మోస్తారా?"

"వాళ్ళు స్కూలుకు పోవల్ల గదా."

"హఫీజ్ మార్కెట్టుకు పోవల్ల గదా."

"రూలంటే రూలు రత్నమ్మా. ఒకనికి ఇడిస్తే రేపు అందరూ అడుగుతారు."

"అడిగేది ఐదుగురే సార్. ఆ ఐదుగురూ పోతే ఇంక టీము యాడుండాది?"

మీరు మోటారు కొనడానికి వచ్చిన రైతు వైపు తిరిగి "ఎన్ని అడుగుల బోరప్పా?" అన్నారు.

పుంగనూరులో మూడు–ఒకటితో ఓడిపోయాం. ఆ బెంగళూరు కీపర్ మంచి పిల్లాడే కావచ్చు, కానీ బంతి నెట్టులో పడ్డాక దూకుతాడు. పక్కన కూర్చున్న వెంకటమునన్న "ఏమ్మే రత్నా, ఈ అబ్బి బస్సు పోయినాక చెయ్యడ్డం పెట్టే రకం మాదిరుండాడే" అని అరిస్తే పుంగనూరు వాళ్ళు కూడా నవ్వారు. తరవాత మన ఊళ్ళో కుప్పంతో ఒకటి–ఒకటి. అది కూడా వాళ్ళ మేలే. వాళ్ళు పెనాల్టీని ఆకాశంలోకి కొట్టారు.

మొన్న ఆదివారం కుప్పం. వెంకటమునన్న కొడుకు లారీలో నలభైమందిమి పోయాం. హఫీజ్ కూడా ఎక్కాడు.

"నువ్వు యాలప్పా? ఆడనిచ్చేదే లేదు గదా" అన్నాను.

"ఊరికే అక్కా. సూసేదానికి వస్తాండా" అన్నాడు. టిఫిన్ క్యారియర్ సంచిలోంచి గ్లౌజుల వేళ్ళు బయటికి కనిపిస్తున్నాయి. నేను చూడనట్టు ఊరుకున్నాను.

అరగంట దాకా సున్నా–సున్నా. అప్పుడొక బంతి పైకి లేచింది, మన కీపర్ మన డిఫెండర్‌నే గుద్దుకుని పడ్డాడు. చీలమండ చూస్తుండగానే వంకాయంత వాచింది. రెండో కీపర్ లేడు. నలభైమందిమీ లేచి "హఫీజ్! హఫీజ్!" అని అరిచాం. వాడు అప్పటికే చెప్పులు విప్పి బూట్లు తొడుక్కుంటున్నాడు. రెఫరీ కాగితం తీసి చూసి, "మీ క్లబ్ ఇచ్చిన లిస్టులో ఇతని పేరు ఉంది, దింపుకోవచ్చు" అన్నాడు. కుప్పం కెప్టెన్ తనకు తానే వచ్చి "మాకేం అభ్యంతరం లేదు సార్, దింపండి" అన్నాడు. అవతలి వాళ్ళు ఒప్పుకున్నారు! వద్దన్నది ఎవరు? మీరు.

"హాజరు లేదు. రూలు మేమే పెట్టి మేమే తప్పితే విలువేముంటుంది?" అన్నారు.

దినేష్‌కు గ్లౌజులు ఇచ్చారు. దినేష్ వింగర్. కుడిపక్క పరుగు తీస్తే మేకపిల్ల గట్టు దూకినట్టు ఉంటుంది. చేత్తో బంతి పట్టిన పాపాన పోలేదు. కుడి గ్లౌజు ఎడమ చేతికి తొడుక్కున్నాడు పాపం. హఫీజ్ గోల్ వెనక్కి పోయి కూర్చుని, "దినేషూ, లైను మీద నిలబడొద్దురా, ముందుకు రా, రెండడుగులు ముందుకు రా" అని చెబుతుంటే, మీరు లైన్‌మన్‌ను పంపి వాణ్ణి అక్కడినుంచి కూడా లేపించారు. ఆ సంగతి నేను చచ్చేదాకా మర్చిపోను. గోల్స్ మర్చిపోతాను. అది మాత్రం మర్చిపోను.

ఒకటి పడింది. రెండు పడ్డాయి. మూడోదానికి దినేష్ మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. నా పక్కనే కూర్చున్న కుప్పం ఆమె, ఒళ్ళో శెనక్కాయలు పోసుకుని తింటూ, అరవం యాసతో అడిగింది: "ఏమ్మా, మీ కీపర్ గోలు బయట ఉండాడు, మీ వింగర్ గోలు లోపల ఉండాడు. మీ మార్కెట్టులో టమాటా కూడా ఇట్లనే అమ్ముతారా? పండింది పారేసి పచ్చిది పెట్టెలో పెడతారా?"

 ఎవరికైనా ఎదురు చెప్పే నోరు నాది.  నాలుగోది పడేసరికి నేను గ్రౌండు వైపు చూడటం మానేసి ఆమె ఇచ్చిన శెనక్కాయలు ఒలుస్తూ కూర్చున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు పొద్దుగూకే వేళకు వి.కోటలో టీకి ఆగాం. అంగడి దగ్గర కూర్చున్నవాళ్ళు లారీకి కట్టిన జెండా చూసి "ఏమప్పా, ఎంత?" అన్నారు. "నాలుగు" అన్నాడు వెంకటమునన్న. "మీకా వాళ్ళకా?" అని నవ్వారు. "అయితే వచ్చే ఏడు మేం వస్తాండాం. జాగా తుడిచి పెట్టండి."

నేను తిట్లు ఎత్తుకున్నాను. సుబ్రహ్మణ్యం షాపు ముందు కూర్చుంటా, కమిటీ కుర్చీలు ఎత్తి రోడ్డు మీద వేస్తా అన్నాను. హఫీజ్ టీ ఊదుకుంటూ అంతా విన్నాడు.

"వాళ్ళని తిట్టింది చాల్లే అక్కా. ఫిబ్రవరిలో నువ్వు కూడా చెయ్యెత్తినావు గదా" అన్నాడు.

కోపంగా అనలేదు. ఎంతకు కొన్నావు అన్నట్టు మామూలుగా అన్నాడు.

"నేను నీ ఎనక వరసలోనే ఉండాను. ముందు నీ చెయ్యి లేసింది. దాన్ని సూసినాకే మనోళ్ళందరూ ఎత్తినారు."

"మరి నువ్వు యాల నోరు తెరవలేదప్పా?"

"నువ్వే ఎత్తినాక నేనేం మాట్లాడేది? జూను సంగతి రత్నక్కకు తెలీకుండా ఉంటాదా, ఏదో ఆలోసన పెట్టుకునే ఎత్తిందిలే అనుకున్నా."

ఏ ఆలోచనా లేదు. ఉన్నదున్నట్టు ఈ గోడ మీదే చెబుతున్నాను. ఆ రోజు మీటింగ్‌లో మీరు నాకు ముందు వరుసలో కుర్చీ వేయించారు. "రత్నమ్మ లాంటి సీనియర్లు సహకరించాలి" అని మైకులో నా పేరు చెప్పారు. పద్దెనిమిదేళ్ళలో గ్రౌండు గట్టు మీద తప్ప ఎక్కడా కూర్చోని దాన్ని. ఆ కుర్చీకి లేచింది నా చెయ్యి. హఫీజ్‌ను గోల్‌లోంచి బయటికి నెట్టినవాళ్ళలో మీ ఏడుగురి తరవాత ఎనిమిదోదాన్ని నేనే.

"ఆదివారం పుంగనూరుతో ఆడతావా? ఆడనిస్తే?" అని అడిగాను.

గ్లాసు అంగడి బల్ల మీద పెట్టి, "నాకోసం యాచించొద్దు అక్కా" అన్నాడు. లారీ ఎక్కాక కాసేపటికి మళ్ళీ తనే, "దినేష్‌ను మాత్రం మళ్ళీ గోల్లో పెట్టొద్దని చెప్పు. వాడు పాడైపోతాడు" అన్నాడు.

ఇప్పుడు మనకు ఒకే పాయింటు, పుంగనూరుకు మూడు. ఈ ఆదివారం మన ఊళ్ళో వాళ్ళను ఓడిస్తే మనం నిలుస్తాం. డ్రా అయినా సరే, మనం పోతాం, వి.కోట వస్తుంది. హమాలీలు కట్టిన క్లబ్ హమాలీలు లేకుండా ఆడి ఊరిపేరు పోగొట్టుకుంటుంది.

నేను యాచించడం లేదు. చెబుతున్నాను, వినండి. గురువారం మధ్యాహ్నం వేలం అయిపోగానే మార్కెట్ షెడ్డులో జనరల్ బాడీ పెట్టండి. మైకు వద్దు. కుర్చీలు అసలే వద్దు, అందరం ఖాళీ బాక్సులు బోర్లించుకుని కూర్చుంటాం, మీతో సహా. మళ్ళీ చేతులు ఎత్తించండి. ఈసారి జూన్‌లో ఎత్తుతాం, కళ్ళముందు లారీలు పెట్టుకుని ఎత్తుతాం. సాయంత్రం గ్రౌండు సీజను అయ్యేదాకా క్లబ్‌ది. క్రికెట్ పిల్లల తల్లిదండ్రులతో మీరు మాట్లాడతారో కాళ్ళు పట్టుకుంటారో మీ ఇష్టం, మాట ఇచ్చింది మీరు. ఆ హాజరు పుస్తకాన్ని అక్కడే, మా ముందే చింపండి. దినేష్‌ను వింగ్ మీదికి పంపండి. చెయ్యలేకపోతే ఏడుగురూ అదే పుస్తకంలో మిగిలిన తెల్లకాగితాల మీద రాజీనామాలు రాసి పోండి. అప్పుడు కూడా ముందు నా చెయ్యే లేస్తుంది.

ఆదివారం నాలుగు గంటలకు విజిల్ పడేటప్పుడు గోల్‌లో హఫీజ్ ఉండాలి. లేకపోతే మార్కెట్లో కాయలు ఏరే మా గ్రేడింగ్ ఆడవాళ్ళం నలభైమందిమి వచ్చి ఆ గోల్ లైను మీద కూర్చుంటాం. అప్పుడు మా మీదినుంచి గోల్ కొట్టించుకోండి. గేటు తాళం తీయండి, సుబ్రహ్మణ్యం గారూ. ఈ రోజే తీయండి.