మేకు మీది బిళ్ళ

సున్నా మామ అప్పటికి మూడో విడత బట్టలు యంత్రంలోంచి లాగుతున్నాడు. పనివాళ్ళు ఒంటినిండా వేసుకునే పసుపు తొడుగు తడిస్తే ఒక్కోటి దూడపిల్లంత బరువు. ఆరినవాటిని బల్లమీద పరిచి, చంకల దగ్గరా మోకాళ్ళ దగ్గరా రేడియేషన్ మీటరు నిదానంగా పోనిస్తాడు. అది టకటకమంటే మళ్ళీ ఉతకాలి. ఊరుకుంటే మడత పెట్టాలి. అణువిద్యుత్ కేంద్రంలో ఇన్నేళ్ళూ ఆయన పని అదే. ఇవాళ్టితో సరి, రిటైర్మెంటు.

ఒకసారి, ఎవరికెంత రేడియేషన్ తగిలిందో లెక్క రాసే కొలతల మేడమ్ పనివాళ్ళకు పాఠం చెప్పింది. పరమాణువు నడుమ కేంద్రకం ఉంటుందట. యురేనియం కేంద్రకం పగిలితే వేడి పుడుతుందట. ఆ వేడికి నీళ్ళు మరిగి, ఆవిరి చక్రాన్ని తిప్పుతుందట.

"ఇంత హంగామా నీళ్ళు కాచడానికా తల్లీ!" అన్నాడు మామ. గదంతా గొల్లుమంది.

ఒంటికి తగిలిన రేడియేషన్ ఎంతో చెప్పడానికి అందరికీ జేబుకు పెట్టుకునే బిళ్ళ ఇస్తారు. దాని లోపల ఫిల్ము, రేడియేషన్ తగిలితే నల్లబడుతుంది. నెలనెలా చూస్తే మామ ఫిల్ము తెల్లగానే ఉండేది, లెక్క సున్నా. అందుకే ఆ పేరు. నిజమేమిటంటే, ఉతుకుల గదిలోకి వెళ్ళేముందు ఆయన బిళ్ళను బయట మేకుకు తగిలించేవాడు. ఫిల్ము నల్లబడినవాళ్ళను తక్కువ జీతానికి ఆవరణ ఊడ్చే పనికి తోసేవారు. అప్పట్లో పిల్లాడు చంకలో ఉన్నాడు. తర్వాత అదే అలవాటైపోయింది.

ఆయన స్థానంలో పనికి చేరిన కోడలు టీ తాగి తిరిగొచ్చింది. జేబునుంచి బిళ్ళ తీసి, మామ మేకు పక్క మేకుకు తగిలించి, లోపల అడుగుపెట్టింది. అది చూసి మామ మడత పెట్టడం ఆపాడు.

"అక్కడ పెట్టావేంటమ్మా?"

"మీరు పెట్టేది అక్కడేగా మామయ్యా."

ఆయన నోటితో ఏనాడూ చెప్పలేదు. చెయ్యి నేర్పేసింది. మోకాళ్ళు పట్టుకుని లేచి, బిళ్ళ తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"జేబుకు పెట్టుకో."

"నల్లబడితే ఊడవమంటారటగా?"

"ఊడువు. చీపురేమంత బరువు?"

"మరి మీరు?"

ఆయన మరో తొడుగు మడత పెట్టాడు.

సాయంత్రం కొలతల మేడమ్ ఆయన రికార్డు ముందేసుకుంది. "మామా, అన్నీ సున్నాలే! పటం కట్టించాలి."

"అవి నావి కావమ్మా. మేకువి."

ఆమె కలం ఆగింది. నవ్వు కాస్త ఆలస్యంగా ఆగింది.

"ఎన్నాళ్ళుగా?"

"మీరు బడిలో ఉన్నప్పటినుంచి."

"ఇప్పుడా చెప్పడం? మీ పింఛను కాగితాలన్నీ ఆగిపోతాయి, తెలుసా?"

"తెలుసు. ఇవాళ కోడలు కూడా పక్క మేకుకే తగిలించింది."

ఆమె సున్నాల వరుస మీద వేలు పోనిచ్చింది. "ఇప్పుడు ఇక్కడ ఎంతని వెయ్యను?"

"తెలియదని రాయమ్మా."

రాసింది. మామ వేలిముద్రలాంటి సంతకం చేశాడు. దండలూ లేవు, ఫొటోలూ లేవు. ఖాళీ టిఫిను డబ్బా ఊపుకుంటూ గేటు దాటి, రోడ్డు మలుపులో కనబడకుండా పోయాడు.

ఉతుకుల గదిలో యంత్రం ఇంకా తిరుగుతూనే ఉంది. బయట పక్క మేకు ఖాళీ. మామ మేకుకు మాత్రం బిళ్ళ వేలాడుతోంది. ఏళ్ళ తరబడి ఏ జేబూ ఎక్కని దాని క్లిప్పు ఇంకా కొత్తదానిలా మెరుస్తోంది.