కర్త లేని క్రియ

పొద్దున్నే ఇడ్లీ కుక్కరు పొయ్యి మీద పెట్టి మార్త స్పానిష్ క్రియలు వల్లె వేసేది. పద్ధతి తేలికే. క్రియను ఎక్కడా కత్తిరించకుండా చివర ‘ఈయా’ తగిలించాలి. ‘కొమెర్’ అంటే తినడం. ‘కొమెరీయా’ అంటే, వీలుంటే తినేదాన్ని.

ఆమె నోట ఆ రూపం తప్పు లేకుండా పలికితే, అన్నది జరిగిపోయేది. బొల్లారంలోని ఆ ఇంట్లో దానికి అలవాటు పడ్డారు.

“చట్నీ అయ్యేదాకా ఆ తినే క్రియ జోలికి పోకే,” అంది తల్లి రోసమ్మ. “నిన్న నువ్వు అన్నావు, నీ చెల్లి కడుపు నిండింది. వండింది దండగ.”

చిక్కంతా అక్కడే. తినేదాన్ని, తినేది అన్నప్పుడు తెలుగులో ఎవరో తెలిసిపోతుంది. స్పానిష్‌లో రెండింటికీ ‘కొమెరీయా’నే.

“ముంగట ‘యో’ పెట్టమ్మా, అంటే నేను,” అనేది ఏ.ఎస్. రావు నగర్‌లో పాఠం చెప్పే సుమిత్ర. “గిట్ల వదిలేస్తే ఎవరికి తగుల్తదో నాకు సుత తెల్వది.”

“నేను అనకుండానే నేనని తెలిసే భాష మేడం మాది. నోరు తిరగట్లేదు.”

బేగంపేటలో స్పెయిన్ ఫోన్లు తీసుకునే ఆఫీసులో ఒక్కటే ఖాళీ ఉంది. అది రాకపోతే మార్త బాపట్లలో ఆడపిల్లల హాస్టల్‌కి వార్డెన్‌గా వెళ్లాలి. పిన్ని మాట ఇచ్చేసింది. మార్తకు ఊరు వదలడం ఇష్టం లేదు. చెల్లెలు మేబెల్‌కైతే, కుదిరిన సంబంధం తప్పిపోయినప్పటి నుంచి గేటు దాటడమే ఇష్టం లేదు. ఊ, ఊహూ తప్ప మాట లేదు.

“ఉద్యోగం ఇస్తే ఏం చేస్తారు?” అని ఇంటర్వ్యూలో స్పానిష్‌లో అడిగారు.

“త్రబహరీయా అకీ,” అంది మార్త. ఇక్కడ పనిచేస్తానని ఆమె ఉద్దేశం. ‘యో’ మరిచిపోయింది.

మర్నాడు గేటు ముందు ఆఫీసు క్వాలిస్ హారన్ కొట్టింది. “మేబెల్ మేడం ఎవరమ్మా? జల్ది!” అన్నాడు డ్రైవర్ బిక్షం. మేబెల్ చెప్పులేసుకుని ఎక్కేసింది.

“టిఫిన్ బాక్సే!” అని రోసమ్మ వెనకాల పరిగెత్తింది.

“అమ్మా, అది నా ఉద్యోగం.”

“అయితే వెళ్లి సరిగ్గా అను. ఎవరొద్దన్నారు?”

మార్త బస్సెక్కి వెళ్లింది. అద్దం అవతల మేబెల్ హెడ్‌ఫోన్ పెట్టుకుని, నిన్నటిదాకా ముక్క రాని భాషలో ఎవరినో సముదాయిస్తోంది. అక్కను చూసి తలుపు తీసి, మైకుకు చెయ్యి అడ్డం పెట్టింది.

“అక్కా, ఈయన సూట్‌కేసు పోయిందంట. ముసలాయన, ఏడుస్తున్నాడు. జెర ఆగు, నవ్విస్తా.”

మేబెల్ గొంతు ఎలా ఉంటుందో ఇన్నాళ్లలో మార్త మరిచేపోయింది. ‘యో’ నాలుక మీదకు వచ్చింది. దానికి ఏ క్రియ తగిలించాలో తెలియలేదు. పనిచేసే క్రియను పలికితే మేబెల్ లేచి ఇంటికి వచ్చేస్తుంది, మళ్లీ ఊ, ఊహూ. ఫోన్లో ముసలాయన నవ్వినట్టున్నాడు, మేబెల్ కూడా నవ్వింది.

“యో బిబిరీయా ఎన్ బాపట్ల,” అంది మార్త. బాపట్లలో నివసించేది ఎవరో పొరపాటు పడకుండా ‘యో’ను ఒత్తి పలికింది.

పొడవాటి వరండా. బకెట్లు పట్టుకుని ఆడపిల్లలు వరుసలో నిలబడ్డారు.

“వార్డెన్ గారూ, పంపు రావట్లేదండీ,” అంది ముందున్న పిల్ల.