శుక్రవారం టేపు

గద్వాల ఊరు హరితకు నచ్చడానికి పెద్ద కారణమేమీ లేదు. ఎక్కడికైనా నడిచిపోవచ్చు, అంతే. మూసాపేట కిరాయి ఇంటి నుంచి మాదాపూర్‌లో కొత్తగా లేచిన ఆ అద్దాల భవనానికి పోవాలంటే ఆటోలు మారాలి, బండరాళ్ళ మధ్య దుమ్ము మింగాలి, తీరా చేరాక ముఖం కడుక్కుంటే గానీ ఎవరూ మనిషని గుర్తుపట్టరు. ఇక్కడ బస్టాండుకు ఎదురుగానే లాడ్జి. కాస్త ముందుకు పోతే కోట, కోటలో చెన్నకేశవుడి గుడి. అటునుంచి వెనక్కి తిరిగితే మగ్గాల చప్పుడు వినిపించే సందులు. దారిలో ఎవరూ పరుగెత్తడం లేదు. అసలు ఈ ఊళ్ళో పరుగెత్తాల్సిన పని ఎవరికైనా ఉంటుందా అని కూడా అనుకుంది.

శనివారం పొద్దున మొగుడితో కలిసి కోట చుట్టూ తిరిగింది. లక్ష్మీనారాయణ బాచుపల్లి వైపు ప్లాట్లు అమ్ముతాడు. ఖాళీ నేల కనబడితే చాలు, ఆయన కళ్ళు కొలతలు వేసేస్తాయి. "ఈ కోటంతా గజాల లెక్కన..." అని మొదలుపెట్టబోయి, పెళ్ళాం ముఖం చూసి నాలుక కరుచుకున్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. అలా నవ్వుకుని ఎన్నాళ్ళయిందో ఇద్దరికీ గుర్తు లేదు.

అత్త కనకలక్ష్మి వాళ్ళతో రాలేదు. "మోకాళ్ళు నొప్పిగుండాయి, మీరిద్దరూ పోయిరాపోండి" అంది. మోకాళ్ళకేమీ రోగం లేదని హరితకు తెలుసు. కొడుకూ కోడలూ ఒక పూట ఒంటరిగా తిరగాలని ఆవిడ ఎత్తు. నంద్యాల నుంచి వచ్చి వీళ్ళతో ఉంటున్న రెండేళ్ళలో కోడలు వెలుగుండగా ఇంట్లో కనిపించిన రోజులు ఆవిడకు పండగలే.

ఈ ప్రయాణం అంతకుముందు రెండుసార్లు హరిత పని వల్లే ఆగిపోయింది. రెండుసార్లూ కనకలక్ష్మి సర్దిన పెట్టె మళ్ళీ విప్పి, బట్టలు బీరువాలో పెట్టుకుంది. ఒక్క మాట అనలేదు. అనుంటే హరితకు కొంచెం తేలిగ్గా ఉండేది. అందుకే ఈసారి ఏమైనా సరే బస్సెక్కాలని పంతం పట్టింది. ఆ పంతంలోనే తప్పు చేసింది.

ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. రెండువేల సంవత్సరం రాగానే పాత ప్రోగ్రాములు తారీఖులు తప్పు లెక్కిస్తాయని లోకమంతా హడలిపోతున్న రోజులవి. ఒక అమెరికా కంపెనీకి ఆ ప్రోగ్రాములు సరిచేసే పని వీళ్ళది. ప్రతి శుక్రవారం సాయంత్రం జట్టు చేసిన పనంతా ఒక టేపులోకి ఎక్కిస్తారు. అరచేతిలో ఇమిడే నల్లటి క్యాసెట్ అది. దాన్ని ఆ భవనంలో ఉంచకూడదు. నిప్పంటుకున్నా, నీళ్ళొచ్చినా, టేపు ఒక్కటి బయట ఉంటే పని బతుకుతుంది. ఆ టేపును ఇంటికి తీసుకుపోయి బీరువాలో పెట్టే బాధ్యతను మేనేజరు సోమేశ్వరరావు అంతమందిలో ఏరి హరితకు అప్పగించాడు. "మీ ఇల్లు దాటకూడదండి అది" అని మరీ మరీ చెప్పాడు. జీతం పెంచినా హరిత అంత పొంగిపోయేది కాదు. తన మీద ఉన్న నమ్మకమంతా ఆ చిన్న నల్ల డబ్బాలో ఉందనిపించేది.

నిన్న టేపు తయారయ్యేసరికి ఆలస్యమైంది. మూసాపేట పోయి బీరువాలో పెట్టి వస్తే ఇమ్లీబన్ బస్టాండులో గద్వాల బస్సు దొరకదు. అక్కడ అత్త, పెట్టె పక్కన పెట్టుకుని ఎదురుచూస్తూ ఉంటుంది. రెండు రోజులే కదా అనుకుని టేపును చేతిసంచిలో వేసుకుని బస్సెక్కేసింది.

కోట నుంచి తిరిగివచ్చేసరికి లాడ్జి గదికి తాళం ఉంది. అత్త నేతగాళ్ళ ఇంటికి చీరలు చూడటానికి పోయిందని కౌంటరులో చెప్పి తాళంచెవి ఇచ్చారు. హరిత గదిలో నుంచి చేతిసంచి తీసుకుని, అత్త దగ్గరికి పోతూ దారిలో ఎస్‌టీడీ బూత్ దగ్గర ఆగింది. ఆఫీసుకు ఒక్క ఫోను చేసి వస్తానంటే లక్ష్మీనారాయణ మూతి ముడిచాడు.

"హరితా, ఎక్కడున్నావ్?" ఫోనెత్తిన దినేష్ దాదాపు అరిచాడు. తనతో కలిసి పనిచేసేవాడే. "మీ ఇంటికి చేసి చేసి చచ్చాం. పొద్దున సర్వర్ డిస్క్ పోయింది. మొత్తం పోయింది. టేపు నీ దగ్గరుంది కదా?"

"ఉంది, ఉంది. నా దగ్గరే ఉంది."

ఫోను సోమేశ్వరరావు చేతిలోకి మారింది. "ఎక్కడున్నారండి మీరు?"

అబద్ధమాడదామని ఒక్క క్షణం అనిపించింది. నోరు రాలేదు. "గద్వాలలో ఉన్నాను సార్."

"టేపు కూడానా?"

"నా దగ్గరే ఉంది సార్. జాగ్రత్తగా ఉంది."

"సోమవారం పని పంపకపోతే ఈ కాంట్రాక్టు మనకుండదండి. రేపటికి తీసుకురండి." ఫోను పెట్టేశాడు.

హరిత సంచి జిప్పు లాగింది. దువ్వెన ఉంది, రుమాలు ఉంది, బస్సు టిక్కెట్లు ఉన్నాయి. టేపు లేదు. సంచిలో ఉన్నదంతా బూతు బల్ల మీద కుమ్మరించింది. లోపలి అర తిరగేసి చూసింది. ఇప్పుడే కదా నా దగ్గరే ఉందని చెప్పాను అనుకుంటూ ఖాళీ సంచిని మళ్ళీ దులిపింది.

"బస్సులో ఎవడన్నా కొట్టేసినాడేమో" అన్నాడు లక్ష్మీనారాయణ.

"రాత్రి గదిలో చూసినా. సంచిలోనే ఉండె."

గదికి పోయి పరుపులు ఎత్తి చూశారు. మంచం కిందకి దూరి చూశారు. లాడ్జివాణ్ణి అడిగితే, తన మీద దొంగతనం వేస్తున్నారని వాడు ఎగిరాడు. ఇక మిగిలింది అత్తే.

కనకలక్ష్మి నేతగాళ్ళ ఇంటి చాప మీద తీరిగ్గా కూర్చుని, ఒళ్ళో చీర పరుచుకుని అంచు చూసుకుంటోంది. కోడలి ముఖం చూడకుండానే "రామ్మా, ఈ రంగు చూడు" అంది.

"అత్తా, నా సంచిలో చిన్న నల్ల క్యాసెట్ ఒకటి ఉండె. చూసినావా?"

కనకలక్ష్మి నవ్వింది. "అయ్యో, అప్పుడే కనుక్కుంటివా! సాయంత్రం దాకా చెప్పగూడదనుకుంటి. నీ పాటల క్యాసెట్ తెగిపాయె అని పోయిన నెల ఎంత బాధపడితివి. గిన్నెలు తోముతా పాడుకుంటావే, ఆ పాటలే. నీ సంచిలో పేరు లేని క్యాసెట్ కనపడె. బజార్లో పాటలు నింపే అంగడి ఉంది గదా, ఆడ ఇచ్చినా."

హరితకు లోకం ఆగిపోయినట్టయింది. ఆ రోజుల్లో ఏ ఊరి బజారులోనైనా అలాంటి దుకాణం ఉండేది. ఖాళీ క్యాసెట్ ఇచ్చి, కావలసిన పాటలు చెప్పి వస్తే సాయంత్రానికి నింపి ఇస్తారు. పాటలు నింపడమంటే లోపల ముందున్నదంతా చెరిపెయ్యడమే.

"నా సంచిలో చెయ్యి పెట్టమని నీకెవరు చెప్పినారు?" హరిత గొంతు తనకే కొత్తగా వినిపించింది. "నీకు తెలీని దాంట్లో ఏంటికి తల దూరుస్తావు? నా బతుకు నాశనం చేస్తివి గదా!"

మగ్గం ఆగింది. ఇంట్లో వాళ్ళందరూ చూశారు. కనకలక్ష్మి ఒళ్ళో చీర అలాగే ఉంది, చేతులు మాత్రం దాని మీద నుంచి తీసేసింది.

హరిత ఆగలేదు. పొద్దున ముద్దొచ్చిన సందులే ఇప్పుడు ఎంతకీ తరగడం లేదు. ఒక ఎద్దుబండి అడ్డం వచ్చింది, తప్పుకోమని అరిచింది. పాట ఒక్కటైనా ఎక్కి ఉండకూడదని తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకుంటూ పరుగెత్తింది. వెనక లక్ష్మీనారాయణ చెప్పులు టపటపలాడుతూ వస్తున్నాయి.

దుకాణంలో పాట పెద్దగా మోగుతోంది. యజమాని తిరుపతి బల్లమీదికి వంగి ఉన్నాడు. ముందర హరిత టేపు ఉంది. దాని మరలు విప్పి ఉన్నాయి. పై మూత పక్కన పెట్టి ఉంది. లోపలి సన్నటి రీలు బెత్తెడు పొడవున బయటికి వచ్చి వాడి ఎడమచేతి వేళ్ళ మధ్య ఉంది. కుడిచేతిలో బ్లేడు ఉంది.

"ఆపండి! కొయ్యొద్దు!"

తిరుపతి ఉలిక్కిపడ్డాడు. బ్లేడు గాలిలోనే ఆగింది. "ఏందక్కా, గిట్ల ఒర్రుతున్నవ్? గిది మా డెక్కుల పడ్తలేదు. డబ్బా చిన్నగుంది గని లోపల రీలు గదే సైజు. కోసి మంచి డబ్బాల ఎక్కిస్తున్న. పెద్దమ్మకు జబాన్ ఇచ్చిన కదా, సాయంత్రానికి ఇస్తనని."

"పాట ఎక్కించారా? ఒక్కటైనా?"

"డబ్బా మారకుంటె ఎట్ల ఎక్కుతది?"

హరిత స్టూలు మీద కూలబడింది. ప్రాణం లేచి వచ్చిందనుకుంది గానీ, బయట వేలాడుతున్న ఆ బెత్తెడు రీలును చూస్తే మళ్ళీ భయం పట్టుకుంది. అది మడత పడినా, మరక పడినా అంతే సంగతులు. "పాట ఆపి, ఎట్లా ఉన్నదాన్ని అట్లాగే పెట్టండి" అని బతిమాలింది. తిరుపతి చెయ్యి లుంగీకి తుడుచుకుని రీలు లోపలికి తిప్పాడు. మూత పెట్టి ఒక్కో మర బిగిస్తుంటే హరిత లెక్కపెడుతూ చూసింది. చివరి మర కింద పడితే ముగ్గురూ నేల మీద పాకారు.

తిరుగు ప్రయాణంలో కనకలక్ష్మి కిటికీ పక్కన కూర్చుంది. చీర కొనలేదు. క్షమించమని అడుగుదామని హరిత రెండుమూడుసార్లు అటు తిరిగింది. ముందు టేపు సంగతి తేలనీ, తర్వాత అడుగుదాంలే అని ప్రతిసారీ వాయిదా వేసింది. ఒడిలో టేపును రెండు చేతులతో పట్టుకునే కూర్చుంది.

ఆదివారం ఆఫీసులో జట్టంతా యంత్రం చుట్టూ నిలబడింది. హరిత టేపు లోపలికి తోసింది. యంత్రం గుర్రుమంది, ఆగింది. తెర మీద ఏమీ రాలేదు. మళ్ళీ గుర్రుమంది. దినేష్ గోళ్ళు కొరుకుతున్నాడు. ఆ బెత్తెడు ముక్కే పోయిందేమో అని హరిత కళ్ళు మూసుకుంది. అంతలో వెనక నుంచి కేక వినిపించింది. కళ్ళు తెరిస్తే ఫైళ్ళ పేర్లు ఒకదాని కింద ఒకటి పడుతున్నాయి. ఎవరో ఆమె వీపు తట్టారు. హరిత ఏడ్చేసింది.

జరిగిందంతా సోమేశ్వరరావుకు దాచకుండా చెప్పింది. ఆయన కోప్పడలేదు. "నిజం చెప్పారు, సంతోషమండి. కానీ ఇకమీదట టేపు దినేష్ గారింట్లో ఉంటుంది" అన్నాడు. తిట్టి ఉన్నా బాగుండేది అనుకుంటూ హరిత తలూపింది.

ఆ వారమంతా అత్త అన్నం పెట్టింది, అడిగినదానికి బదులు చెప్పింది, అంతకు మించి మాట్లాడలేదు. తన మాట ఆవిడకు ఎంత లోతుగా దిగిందో హరితకు తెలుస్తూనే ఉంది. నోరు తెరవబోతే సిగ్గు అడ్డం వచ్చేది.

శుక్రవారం హరిత వెలుగుండగానే ఇల్లు చేరింది. సంచి తేలిగ్గా ఉంది. కనకలక్ష్మి ఆమె కోసమే కాచుకున్నట్టు చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. ఆవిడ బీరువా తలుపు తెరిచి ఉంది. పై అరంతా ఖాళీ చేసి, తన బంగారు గాజులు దాచుకునే స్టీలు డబ్బా అక్కడ పెట్టింది. గాజులు అందులో లేవు. అడుగున తన పెళ్ళి పట్టుచీర ముక్క మడిచి పరిచింది.

"నీ టేపు ఇంగ దీంట్లో పెట్టుకోమ్మా. తాళంచెవి ఒగటే ఉండేది, అది నీకాడే పెట్టుకో. నా గాజులు బియ్యం డబ్బాలో ఏసుకుంటిలే." గొంతు తగ్గించింది. "నీకు అంత ముఖ్యమైందని తెలీదు తల్లీ. తెలిస్తే ముట్టుకుందునా?"

తాళంచెవి హరిత అరచేతిలో పడింది. చాలాసేపటి నుంచి పిడికిట్లో ఉందేమో, వెచ్చగా ఉంది. ఇక టేపు నా దగ్గరికి రాదత్తా అని చెప్పబోయింది. అప్పటికే కనకలక్ష్మి అటు తిరిగి గోడవైపు నిలబడింది, కోడలు పెట్టేది తన కంట కూడా పడకూడదన్నట్టు.

హరిత ఖాళీ డబ్బాకు మూత పెట్టి, బీరువాకు తాళం వేసింది.