ఎడమ చేతి కొలత

కూతురి గౌనుకి కుడి స్లీవు మణికట్టు దాకా కుట్టేసింది టీచరు. ఎడమది ఇంకో బెత్తెడు పొడుగు పెట్టాలి. పిల్ల పుట్టినప్పటి నుంచీ ఈ ఇంట్లో ఇదే కొలత. దాని ఎడమ చేతికి బొటనవేలు నిక్షేపంగా ఉంది, మిగతా నాలుగూ మొగ్గల్లా ఆగిపోయాయి. "ఆదివారం ఫోటోకి చుట్టాలందరూ వస్తారు, ఇంకాస్త కిందికే పెట్టు" అని ఖాళీ గ్లాసు ఆమె చేతికిస్తూ మరీ చెప్పింది అత్తగారు.

పిల్లని అందరూ పిచ్చుక అంటారు. పిచ్చుక ముక్కు తాతగారిదట, నుదురు మేనత్తదట, తెలివి నాన్నదట. ఆ చెయ్యి మాత్రం అమ్మది. మంచివన్నీ వాళ్ళు పంచుకోగా మిగిలింది ఆమె వాటాకొచ్చింది. అత్తగారిది కత్తెర సిద్ధాంతం. "కడుపుతో ఉండి కత్తెర ఆడించావు, వద్దంటే విన్నావా?" అంటుంది. మొగుడిది చదువుకున్న సిద్ధాంతం. అంతా జన్యువులేననీ, తమ వైపు ఏడు తరాల్లో ఎవరికీ ఇలా లేదనీ పేపరు మడత పెడుతూ తేల్చేస్తాడు. ఏడు తరాల వేళ్ళు ఎవరు లెక్కపెట్టి వచ్చారో ఆమె అడగలేదు. డాక్టరమ్మ ఒక్కతే, కారణం చెప్పలేం, ఒక్కోసారి అంతే అంది. తప్పు మోసేవాళ్ళు లేని ఆ మాట ఎవరికీ పనికిరాలేదు. ఆమెకీ పనికిరాలేదు. ఎందుకంటే ఆమె దగ్గరా ఒక సిద్ధాంతం ఉంది. కడుపులో పిల్ల ఉందని ఇంకా తెలియని రోజుల్లో జ్వరమొస్తే, బడిలో సెలవివ్వక, ఏదో మాత్ర మింగి రోజంతా నిలబడి పాఠాలు చెప్పింది. అంట్లు తోముతున్నా, పరీక్ష పేపర్లు దిద్దుతున్నా ఆ మాత్ర ఇప్పటికీ గొంతుకడ్డం పడుతుంది.

ఎడమ స్లీవు కూడా కుట్టేసిన మర్నాడు పెద్ద తరగతికి, శరీరానికి ఆకారం ఎలా వస్తుందన్న పాఠం. పుస్తకం జన్యువులతో సరిపెట్టేసింది. ఆమె అక్కడితో ఆగలేదు. కంట్లోనూ కాల్లోనూ ఉన్నవి అవే జన్యువులైతే, నువ్వు కన్నువి అని కంటికి ఎవరు చెప్పారు? కణాలు పక్క కణాలతో సన్నటి కరెంటుతో మాట్లాడుకుంటాయనీ, ఆ మాటల్లోంచే చాలావరకు ఆకారం తేలుతుందనీ కొందరు శాస్త్రవేత్తలు అంటున్నారని చెప్పింది. నీళ్ళల్లో బతికే ఒక బల్లపరుపు పురుగుని ముక్కలు చేస్తే ప్రతి ముక్కా మళ్ళీ పురుగవుతుంది. కోసినప్పుడు కణాల మాటలకి కాసేపు అడ్డం పడితే, తోక రావాల్సిన చోట కూడా తల మొలుస్తుంది. జన్యువులు మాత్రం ఒక్కటీ మారవు.

ముందు బెంచీ అమ్మాయి లేచింది. "మరి ఆకారం వేరేగా వస్తే తప్పెవరిది టీచర్?"

"తప్పేముంది? అన్ని కణాలు మాట్లాడుకున్నాయి, అలా కుదిరింది. అక్కడ పెత్తనం చేసేవాళ్ళెవరూ లేరమ్మా."

అనేశాక ఆ మాట తనకే వినపడింది. ఆ మాత్ర ఏం చేసిందో, అసలు ఏమైనా చేసిందో ఎప్పటికీ తేలదు. తేలని నేరానికి ఇన్నేళ్ళుగా తను శిక్ష అనుభవిస్తోంది, పిల్లచేత కూడా అనుభవింపజేస్తోంది. ఏడుపొచ్చింది. బోర్డు తుడుస్తున్నట్టు అటు తిరిగింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి పిచ్చుక సంచీ జిప్పుని పళ్ళతో లాగుతోంది. ఎడమ చెయ్యి స్లీవులో ఉంది. స్లీవు లేకపోతే ఆ బొటనవేలూ ఆ మొగ్గలూ కలిసి దేన్నయినా ఎంచక్కా పట్టుకుంటాయి. స్నానాల గదిలో సబ్బు జారనివ్వదు పిల్ల.

"అమ్మా, నా వేళ్ళు నువ్వు కత్తెరతో పోగొట్టావా? నానమ్మ చెప్పింది." కోపమేమీ లేదు ఆ గొంతులో, తెలుసుకుందామని అడిగింది, అంతే.

"లేదు నాన్నా. నీ చెయ్యి తనంతట తనే అలా తయారయింది."

"మరి దాచడమెందుకు?"

టీచరు కుట్టుమిషను దగ్గరికి నడిచింది. సొరుగులోంచి ఆ కత్తెరే తీసింది. ముందు పిల్ల ఒంటిమీది ఎడమ స్లీవు కత్తిరించింది. తర్వాత కొత్త గౌనుది, ఆ తర్వాత బీరువాలో ఉన్నవన్నీ. పిచ్చుక రెండు చేతులతో జిప్పు లాక్కుని ఆడుకోడానికి పోయింది. అత్తగారు గుమ్మంలో నిలబడి నేలమీది ముక్కలు చూసింది. వెనకాలే వచ్చిన మొగుడు, ఆదివారం నలుగురిలో పరువేం కావాలన్నాడు.

"స్లీవు మణికట్టు దాకానే ఉండాలత్తయ్యా" అంది ఆమె, దారప్పోగులు దులుపుకుంటూ. "అక్కణ్ణించి దాని చెయ్యి మొదలవుతుంది."