కన్నది ఆవిడ, పట్టింది నేను

ప్రసూతి వార్డులో ఆ నర్సును అందరూ మొండిఘటం అనేవారు. పేరు పెట్టినవాళ్లదేం తప్పు లేదు. ఇన్నేళ్లు ఉద్యోగం చేసి, ఇద్దరు పిల్లల తల్లి అయ్యాక, మిడ్‌వైఫరీలో మాస్టర్స్ చదువుతానని భీష్మించుకుంది.

"చదివి చదివి మంత్రసానివి అవుతావా?" అని అత్తగారు బుగ్గలు నొక్కుకుంది.

"అవుతాను అత్తయ్యా. పట్టా ఉన్న మంత్రసానిని."

మార్కుల కాగితాలు తెచ్చుకుంది, ఎందుకు చదవాలనుకుంటోందో వ్యాసం రాసుకుంది. ఇక పైవాళ్ల సిఫారసు ఒక్కటే మిగిలింది. అది లేకపోతే ఈ ఏడు సీటు మాట మరిచిపోవడమే.

సిఫారసు కోసం వెళ్తే, వార్డు డాక్టరమ్మ వ్యాసం చదువుతూ ఒకచోట ఆగింది. కాన్పు వేళ వెల్లకిలా పడుకోనని మొరాయించిన ఒక తల్లిని ఈ నర్సు మోకాళ్ల మీదే ఉండనిచ్చింది. డాక్టరమ్మ వచ్చేసరికే బిడ్డ కేర్‌మంది. వ్యాసంలో 'ఆ కాన్పు నేనే చేశాను' అని ఉంది.

"నువ్వు చేశావా? రికార్డులో నా పేరుందిగా! డాక్టరుగారు చేస్తుంటే సాయం చేశానని మార్చు, సంతకం పెడతాను."

నర్సుకి ఒళ్లు మండింది. తను రాసిన వాక్యం మళ్లీ చూసుకుంటే సిగ్గు కూడా వేసింది. నొప్పులు పడ్డది ఆ తల్లి అయితే, మధ్యలో తను చేయడమేమిటి? పెన్ను తీసి ఆ వాక్యం కొట్టేసింది. దారికొచ్చిందనుకుని డాక్టరమ్మ చల్లబడింది. నర్సు దాని పైన రాసింది: 'ఆవిడ కన్నది. బిడ్డను నేను పట్టాను.'

"మరి నేనేం చేసినట్టు?"

"కుట్లు వేశారు మేడమ్. చాలా బాగా వేశారు. అదీ రాశాను, కింద చూడండి."

డాక్టరమ్మ కాగితాలు వెనక్కి తోసేసింది.

వార్డు ఇన్‌చార్జి పెద్ద సిస్టర్ సంతకమైనా చెల్లుతుంది. కానీ ఆవిడ ఎవరి జోలికీ పోని మనిషి, రిటైర్మెంట్ దగ్గర పడుతోంది. స్టోరు గదిలో దూది కట్టలు సర్దుతూనే సంగతంతా విన్నది.

"ఆ ఒక్క మాట మారిస్తే నీ సొమ్మేం పోయింది?"

"మార్చను సిస్టర్. సీటు రాకపోతే వచ్చే ఏడు ఇదే మాటతో మళ్లీ దరఖాస్తు పెడతాను."

పెద్ద సిస్టర్ కళ్లజోడు పెట్టుకుని వ్యాసం మొత్తం చదివింది. ఆవిడ మొహం గంటు పెట్టుకుంది.

"నేను సంతకం పెట్టను."

"మీకూ భయమేనా సిస్టర్?"

"ఆ రోజు నొప్పులు పడుతూ ఆ పిల్ల నా మెడే పట్టుకుని వేలాడింది. ఇప్పటికీ అటు తిరిగితే కలుక్కుమంటుంది. నా సంగతి రాయలేదేం?"

"మీ ఉద్యోగానికి ఎసరు పెట్టడమెందుకని..."

పెద్ద సిస్టర్ పెన్ను తీసి నర్సు చేతిలో పెట్టింది. "ముందు అది రాయి. అప్పుడు సంతకం పెడతాను."