నిమ్మ మొక్క పాతిన నేరం

గడ్డపారక్కకి ఆ పేరు ఊరికే రాలేదు. మగాళ్ళు నాలుగు పోట్లు పొడిచి రొప్పుతూ కూర్చుంటే, ఆవిడ బండ కిందికి గడ్డపార తోసి, "లే తల్లీ లే, ఎంతసేపు పడుకుంటావ్?" అని బండనే దబాయించేది. బండ కిక్కురుమనకుండా లేచేది.

వాగు పక్కనున్న రాళ్ళ ముక్క అలా బాగుపడిందే. మేకలు కూడా మొహం చూడని నేల అది. "రాళ్ళేరుకుని ఏదో ఒకటి వేసుకోండి, నాకేం పోయింది" అన్నాడు ఆ నేల ఆసామి. అదేదో దానం అనుకునేరు! రాళ్ళు ఏరించుకోడానికి కూలీ ఇవ్వక్కర్లేదు కదా, అందుకు.

గడ్డపారక్క లాంటి గుడిసెల వాళ్ళకి అక్కడ నేల ఎవడూ అమ్మడు, కౌలుకీ ఇవ్వడు. ఏమిటయ్యా అంటే, "నిలకడ లేని జనం, ఇవాళ ఇక్కడ, రేపెక్కడో" అంటారు. ఒరే పెద్దమనుషులూ, కాలు మోపడానికి జానెడు చోటివ్వకుండా నిలకడ ఎక్కణ్ణుంచి ఊడిపడుతుందిరా అని అడిగిన పాపాన పోయినవాడు లేడు.

పగలంతా ఆసామి చేలో కలుపు తీసి, పొద్దు వాలాక మొగుడూ పెళ్ళాం ఈ ముక్కలో రాళ్ళేరేవాళ్ళు. గోళ్ళు ఊడాయి, నడుములు పడిపోయాయి. ఏళ్ళు గడిచాక నేల మెత్తబడింది. బెండ కాసింది, చిక్కుడు పాకింది. అది చూసి ఆసామి, "కాస్త నిలకడగా ఉండి చూపించండి, ఈ ముక్క మీ పేరన రాసేస్తాలే" అనేశాడు.

ఇంకేముంది! గడ్డపారక్కకి కాళ్ళు నేల మీద ఆగలేదు. రోజూ పని కాగానే గట్టు మీద కూర్చుని ఇల్లు కట్టేసేది. ఇక్కడ గుమ్మం, అక్కడ పొయ్యి.

"గుమ్మం కాస్త ఎత్తుగా పెట్టించవే, నా తల కొట్టుకోకుండా" అనేవాడు మొగుడు.

"కొట్టుకుంటే మాత్రం? లోపలేమన్నా ఉంటే కదా పాడవడానికి!"

నవ్వుకునేవాళ్ళు. కానీ ఆవిడకి లోపల ఒకటే దిగులు. నిలకడ చూపించమన్నాడు, ఎలా చూపించడం? చిక్కుడు పందిరిదేముంది, కాపైతే పీకేస్తారు. ఆలోచించి ఆలోచించి ఓ నిమ్మ మొక్క సంపాదించి పాతింది. ఇది కాపుకొచ్చేదాకా మేం కదలం అని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

పిచ్చి తల్లి! ఆ చుట్టుపక్కల కూలివాడు పంట వేసుకోవచ్చు గానీ చెట్టు నాటకూడదు. చెట్టు నాటినవాడిదే నేల అని అక్కడి కట్టుబాటు. నేలున్న వాళ్ళందరికీ తెలుసు. ఏనాడూ నేల మొహం చూడని గుడిసెల వాళ్ళకి ఎవడు చెప్పాడు కనక?

ఆసామి వచ్చాడు. "ఎవరు పాతారిది?"

"నేనే బాబుగారూ! చూడండి, అప్పుడే చిగురేసింది" అంది మురిసిపోతూ.

"ఎంత గుండెలు తీసిన బంటువే నువ్వు! చనువిస్తే నెత్తికెక్కి కూర్చుంటారు. చెట్టు నాటి నా నేల కొట్టేద్దామనా?"

"అయ్యో రాత! నిలకడ చూపించమన్నది మీరే కదా బాబూ!"

మొగుడు "పీకేస్తానయ్యా, ఇప్పుడే పీకేస్తా" అని వంగాడు.

"ముట్టుకోకు! నా నేల్లో ఉంది, అది నా చెట్టు. మీరే నడవండి."

అంతే. చిక్కుడు కాపు మీదుంది. ఆ కాసిని కాయలు కోసుకోనిచ్చినా మనిషి అనేవాళ్ళం. కోసుకోనివ్వలేదు.

నేల పోయిందని ఆకలి ఊరుకుంటుందా? వర్షాలు పడ్డాక ఆ ముక్క నిండా నిమ్మతోట వేస్తానని, గుంటలు తవ్వడానికి కూలీల్ని పిలిచాడు ఆసామి.

"నేను రానే, నావల్ల కాదు" అన్నాడు మొగుడు.

"రాకపోతే రేపు ఏం తింటాం, నీ రోషమా?" అని గడ్డపార భుజానేసుకుంది.

ఆవిడ మోకాళ్ళ లోతు గుంటలో ఉండగా ఆసామి ఎవరో చుట్టాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. నేల ఎంత మెత్తగా ఉందో చూపించాడు. "జాలిపడి గుడిసెల వాళ్ళకిచ్చానండీ. ఏం లాభం? మధ్యలో వదిలేసి పోయారు. ఆ జనానికి నిలకడుంటేగా!"

గడ్డపారక్క ఒళ్ళు భగ్గుమంది. గడ్డపార విసిరికొట్టి లేచి నిలబడింది.

"ఎక్కడికి పోయానయ్యా? కళ్ళు కనబడవా నీకు? ఇదిగో, నేను రాళ్ళేరిన నేల్లోనే నీకు గుంటలు తవ్వుతున్నా. తరిమేసినోడివి నువ్వు. వదిలేసి పోయామని చెప్పడానికి నోరెలా వచ్చింది?"

తవ్వేవాళ్ళందరి చేతులూ ఆగిపోయాయి. ఆసామి ఆవిడ వైపు తిరిగైనా చూడలేదు.

"చూశారా, నోరు కూడా ఎక్కువే వీళ్ళకి" అన్నాడు చుట్టంతో.

నిజమేనన్నట్టు తలూపాడు చుట్టం.