ముక్కోణాల వేడి

ఆఫీసులో కూర్చోగానే విలుజెంగ్ చేసే మొదటి పని కళ్ళు నులుముకోవడం. ఇండోనేషియాలోని సురబాయాలో కర్రపెండలం తురిమే యంత్రాలు చేసే ఫ్యాక్టరీ అది. అక్కడ మర్యాదకి ఆడవాళ్ళని 'బు' అనీ, మగవాళ్ళని 'పాక్' అనీ పిలుస్తారు. యంత్రంతో పాటు ఇచ్చే పుస్తకాలు రాసేది ఆవిడే. నొక్కాల్సిన మీటల పేర్లు లావు అక్షరాల్లో, ఇంకో పుస్తకం పేరొస్తే వాలు అక్షరాల్లో, ఉత్త సలహాకి సున్నా గుర్తు, ప్రమాదానికి ముక్కోణంలో ఆశ్చర్యార్థకం. ఏళ్ల తరబడి ఇదే పని.

ఆవిడ పెట్టిన ముక్కోణాలు ముట్టుకుంటే నిజంగానే వేడిగా ఉండేవి. ప్రమాదం ఎంత పెద్దదైతే అంత వేడి. పక్క బల్ల దగ్గర కూర్చునే యెట్టి, చల్లారిన టీ గ్లాసు తెచ్చి వాటి మీద పెట్టుకునేది.

ఆ ఉదయం మేనేజరు వచ్చాడు, ఆయన పేరు హర్తాంతో.

"బు విలుజెంగ్, ఈ ముక్కోణాలు తగ్గించండి. పుస్తకం తెరవగానే జనం బెదిరిపోతున్నారు. యంత్రాలు వెనక్కొచ్చేస్తున్నాయి. ఇదిగో, ఈ మూత పేజీలో సున్నా పెట్టెయ్యండి."

"అది బెల్టు మూత, పాక్. తిరుగుతుండగా తీస్తే వేళ్ళు తెగిపోతాయి."

"రాసే ఉందిగా కింద! చదువుకుంటారు."

ఆయన కళ్ళ కింద కూడా నల్లటి చారలు. వాదించే ఓపిక ఆవిడకి లేకపోయింది. మార్చేసింది.

భోజనాలయ్యాక యెట్టి గొణిగింది. "ఈ పేజీకి ఏమొచ్చింది, బు? టీ చల్లగానే ఉంది!"

విలుజెంగ్ చటుక్కున లేచింది. ఆ పేజీల ఇంకో ప్రతి అప్పటికే షెడ్డుకి వెళ్ళిపోయింది. అక్కడ ముగియోనో అనే ముసలి పనివాడు, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు యంత్రం మీద చేసి చూస్తాడు. చూపు మందగించాక ఆయన సగం సగమే చదువుతున్నాడు. వేలు చురుక్కుమన్న చోట మాత్రం ఆగుతాడు.

పొద్దుట్నుంచీ కూర్చుని వాచిన కాళ్ళతోనే పరిగెత్తింది.

యంత్రం హోరుమంటోంది. ముగియోనో చెవుల్లో దూది. ఎడమ చేతి వేలు పేజీ మీద, కుడి చెయ్యి మూత గొళ్ళెం మీద.

"పాక్ ముగియోనో!" అని అరిచింది. వినపడలేదు. గొళ్ళెం అప్పటికే ఊడింది. చెయ్యి పట్టుకు లాగితే బెదిరి లోపలికే పోతుందేమోనని భయం. జేబులోంచి పెన్ను తీసి, ఆయన వేలి పక్కనున్న సున్నా చుట్టూ మూడు గీతలు గీసింది. వంకరగా వచ్చాయి.

"అబ్బా!" ముగియోనో రెండు చేతులూ వెనక్కి లాక్కున్నాడు. వేలు ఊదుకుంటూ వెళ్ళి యంత్రం ఆపాడు. బెల్టు మెల్లగా ఆగింది.

కేకలు విని మేనేజరు వచ్చాడు. ఊడిన గొళ్ళెం కేసి చూశాడు, వంకర ముక్కోణం కేసి చూశాడు.

"కొనేవాళ్ళు మళ్ళీ పారిపోతారు, బు," అన్నాడు నీరసంగా.

విలుజెంగ్ అక్కడున్న చెక్కపెట్టె మీద కూలబడింది.

"పోనీండి, పాక్. రెండు చేతులూ ఉండగానే పారిపోతారు."

ఆవిడ పక్కనే, ఆ పెట్టె మీదే, ఆయనా కూర్చున్నాడు.